సీల్ తోలు, ఫర్ కోటు కొనేముందు: కెనడాలో సర్కారు నిఘా ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో ఎలా చూస్కోవాలి

కెనడా తూర్పు చివర న్యూఫౌండ్‌లాండ్‌లో ఉన్న సెయింట్ జాన్స్ ఊళ్ళో మెమోరియల్ యూనివర్సిటీకి చదువుకోడానికొచ్చే మన పిల్లలు ఈమధ్య బాగానే ఉంటున్నారు, సమ్మర్‌లో టొరంటో నుంచి న్యూఫౌండ్‌లాండ్ చూడ్డానికెళ్ళే మన ఫ్యామిలీలూ ఉన్నాయి. అక్కడ డౌన్‌టౌన్ షాపుల్లో సీల్ అనే సముద్ర జంతువు తోలుతో కుట్టిన గ్లౌజులు, బూట్లు, పర్సులు కనిపిస్తాయి, ఏప్రిల్ టైంలో అయితే హార్బర్ పక్కన ట్రక్కు ఆపి సీల్ ఫ్లిప్పర్లు, అంటే ఈతకి వాడే తెడ్డు లాంటి కాళ్ళు, కూడా అమ్ముతారు, వాటి మాంసంతో అక్కడోళ్ళు ‘పై’ అనే వంటకం చేసుకుంటారు. చూడగానే మనవాళ్ళలో కొందరు అయ్యో పాపం అని మొహం తిప్పేసుకుంటారు, ఇంకొందరు భలే మెత్తగా ఉందే, ఊళ్ళో అత్తమ్మకి గిఫ్ట్ ఇద్దాం అని కార్డు తీస్తారు. ఈ రెండిట్లో ఏది చేసినా తప్పని నేననను, కానీ రెండిటికీ ముందు అడగాల్సినవి కొన్నున్నాయి. ఈ జంతువుని చంపడానికి పర్మిషన్ ఎవరిచ్చారు, చంపేటప్పుడు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఈ వస్తువు బోర్డర్ దాటితే ఏమవుతుంది. వీటికి జవాబులు ఎలా వెతుక్కోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నా. కెనడా గురించే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే సముద్రం మీద సీల్ వేటకీ అడవిలో ఉచ్చులకీ రెండిటికీ అక్కడ పెద్ద వ్యవస్థ ఉంది, దాన్ని బయటివాళ్ళు చూసి ప్రశ్నించే దారులు కూడా ఉన్నాయి.

పద్ధతి సింపుల్. తోలు వెనకాల నడవండి. మంచు మీద గానీ అడవిలో గానీ జంతువు చచ్చిన చోటు నుంచి షాపు కౌంటర్ దాకా ఆ తోలు ఎన్ని చేతులు మారిందో చూడండి, చేతులు మారిన ప్రతిచోటా ఏ కాయితం ఉండాలి, ఏ ఆఫీసర్ చూడాలి అని అడుగుతూ పోండి. నిఘా గట్టిగా ఉన్నచోటు, వదులుగా ఉన్నచోటు అలాగే బయటపడతాయి.

ముందు, ఎవరి చేతిలో ఏముందో తేల్చుకోండి

ఇది తేలకపోతే కంప్లైంట్లు అన్నీ తప్పు ఆఫీసుకి పోతాయి. కెనడాలో సీల్ అంటే చట్టం దృష్టిలో ఫిషరీ కిందకొస్తుంది, కాబట్టి కేంద్ర ప్రభుత్వంలో ఫిషరీస్ అండ్ ఓషన్స్ డిపార్ట్‌మెంట్, అందరూ డీఎఫ్‌ఓ అంటారు, దాని చేతిలో ఉంటుంది. ఫిషరీస్ యాక్ట్, దాని కింద 1993లో వచ్చిన మెరైన్ మామల్ రెగ్యులేషన్స్, ఈ రెండే ప్రధానం. అదే బీవర్, లింక్స్, మార్టెన్, కొయోటీ, నీటికుక్క లాంటి ఫర్ జంతువులైతే ప్రావిన్స్ ప్రభుత్వాల పని, ఆంటేరియోలో ఒక రూలు, బ్రిటిష్ కొలంబియాలో ఇంకో రూలు. దేశం దాటేటప్పుడు మాత్రం మళ్ళీ కేంద్రమే, ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం అమలుని ముఖ్యంగా పర్యావరణ శాఖ చూస్తుంది.

ఉత్తరాన ఇన్యూట్ అనే ఆదివాసీల ప్రాంతాల్లో లెక్క వేరు. వాటిలో ఒకటైన నునావుట్‌లో 1993 ఒప్పందం ప్రకారం వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ బోర్డు ఉంది, ప్రభుత్వం, ఇన్యూట్ సంఘాలు కలిసి కూర్చుని నిర్ణయాలు తీసుకుంటాయి, ఊరూరా వేటగాళ్ళ సంఘాలుంటాయి. ఇన్యూట్ వాళ్ళు తిండి కోసం చేసే సీల్ వేటకి లైసెన్స్ అక్కర్లేదు, అది వాళ్ళ హక్కు. న్యూఫౌండ్‌లాండ్ కమర్షియల్ వేటనీ దీన్నీ కలిపి మాట్లాడితే ఆ ఊళ్ళకి అన్యాయం జరుగుతుంది, ఇప్పటికే జరిగింది కూడా. 1983లో యూరప్ సీల్ పిల్లల తోళ్ళని ఆపేసినప్పుడు ఇన్యూట్‌లకి మినహాయింపు అని కాయితం మీద రాశారు గానీ మార్కెట్ మొత్తం కూలిపోయింది, మినహాయింపు ఉన్నా కొనేవాడు లేడు, పెద్ద సీల్‌ని తిండికోసం వేటాడి తోలు అమ్ముకునే కుటుంబాలకి చేతిలో డబ్బు లేకుండా పోయింది.

మంచు మీద రూల్ ఏం చెప్తుందో చదవండి

కమర్షియల్‌గా ఎక్కువగా వేటాడేది హార్ప్ సీల్‌ని. న్యూఫౌండ్‌లాండ్‌కి ఈశాన్యంగా ఫ్రంట్ అనే ప్రాంతం, ఇంకా సెయింట్ లారెన్స్ గల్ఫ్, ఈ రెండు చోట్ల, మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా అసలు వేట. తెల్లటి బొచ్చుతో ఉండే పసిపిల్లల్ని, అంటే వైట్‌కోట్‌లని, కమర్షియల్‌గా చంపడం 1987 నుంచీ నిషేధం, హుడెడ్ సీల్ పిల్లలు నీలం రంగు వీపుతో ఉంటాయి, వాటిని బ్లూబ్యాక్‌లంటారు, వాటికీ అంతే. దీనికి ముందు మాలూఫ్ కమిషన్ అని ఒక రాయల్ కమిషన్ 1986లో రిపోర్ట్ ఇచ్చింది, దాని ఫలితమే ఈ నిషేధం. ఇప్పుడు ఎక్కువగా వేటాడేది తెల్లబొచ్చు రాలిపోయి వెండిరంగు మీద నల్లమచ్చలొచ్చిన పిల్లల్ని, వాటిని బీటర్లు అంటారు. ఇవి తల్లిపాలు మానేసి సొంతంగా బతుకుతుంటాయి కానీ వయసు మాత్రం కొన్ని వారాలో కొన్ని నెలలో అంతే. ఈ మాట ఇండస్ట్రీ వాళ్ళు గట్టిగా చెప్పరు, మీరు గుర్తుపెట్టుకోండి.

చంపే విధానంలో మూడు మెట్లున్నాయి, 2009లో రూల్స్ మార్చి దీన్ని గట్టిగా రాశారు. మొదటిది, తుపాకీతో గానీ హకాపిక్‌తో గానీ స్పృహ పోయేలా కొట్టడం. హకాపిక్ అంటే పొడుగు చెక్క కర్రకి ఇనప తల బిగించిన పనిముట్టు, ఆ ఇనప తల కనీసం 340 గ్రాములుండాలి, దానికున్న వంకర మేకు 14 సెంటీమీటర్లు మించకూడదు, కర్ర పొడుగు 105 నుంచి 153 సెంటీమీటర్ల మధ్యలో ఉండాలి అని కొలతలతో సహా చట్టంలో రాసుంది. ఏడాది దాటిన సీల్‌ని ముందు తుపాకీతో కాల్చకుండా కర్రతో కొట్టకూడదు. రెండో మెట్టు, పుర్రె రెండువైపులా పూర్తిగా చితికిందా లేదా అని చేత్తో తడిమి చూడటం. మూడోది, ముందు ఫ్లిప్పర్ల కిందుండే రెండు రక్తనాళాలు కోసి, కనీసం ఒక నిమిషం ఆగాకే తోలు తీయడం. ఆ నిమిషం చాలా ముఖ్యం, ఎందుకంటే బతికుండగానే తోలు వలుస్తున్నారు అనే ఆరోపణకి చట్టం ఇచ్చిన జవాబు అదే. పడవ ఊగుతుంటే, మంచుపలక కదులుతుంటే, వెనక ఇంకో యాభై సీల్స్ కనిపిస్తుంటే, సీజన్ రెండు మూడు రోజుల్లో అయిపోతుందని తొందరగా ఉంటే, ఆ నిమిషం ఆగుతారా అనేదే అసలు ప్రశ్న. యూరప్ ఫుడ్ సేఫ్టీ అథారిటీ 2007లో ఇచ్చిన అభిప్రాయం కూడా ఇంచుమించు ఇదే, సీల్‌ని నొప్పి తెలీకుండా చంపే పద్ధతులు ఉన్నాయి, కానీ ఫీల్డ్‌లో ప్రతిసారీ అలాగే జరుగుతుందని చెప్పలేం అని.

లైసెన్సుల సంగతి కూడా చూడండి. కమర్షియల్ లైసెన్స్ కావాలంటే అసిస్టెంట్‌గా పనిచేసి నేర్చుకునుండాలి, ఈ మూడు మెట్ల మీద ట్రైనింగ్ తీస్కోవాలి. సొంతానికి తినడానికి తీర ప్రాంతం వాళ్ళకిచ్చే పర్సనల్ యూజ్ లైసెన్స్ మీద ఆరు సీల్స్ వరకే.

రూల్ సరే, చూసేవాడెవడు

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి, మనలో చాలామంది రూల్ చదివేసి సంతృప్తిపడిపోతారు. మంచు తీరం నుంచి ఎంతో దూరంలో ఉంటుంది, రోజుకో చోటికి కొట్టుకుపోతుంది, దాని మీద పడవలు చెల్లాచెదురుగా ఉంటాయి. డీఎఫ్‌ఓ ఫిషరీ ఆఫీసర్లు విమానాల్లో, కోస్ట్‌గార్డ్ ఓడల్లో తిరుగుతారు, పడవల్ని ఆపి ఎక్కి చూస్తారు, రేవులో తోళ్ళు దించేటప్పుడు తనిఖీ చేస్తారు. కానీ ప్రతి వేటగాడి పక్కన ఒక ఆఫీసర్ నిలబడటం జరిగేపని కాదు, అది ఎవరు చెప్పినా నమ్మొద్దు. బయటివాళ్ళు, జర్నలిస్టులైనా సరే, వేట జరిగేచోటికి దగ్గరగా వెళ్ళాలంటే అబ్జర్వేషన్ లైసెన్స్ ఉండాలి. గొడవలు జరక్కుండా పెట్టాం అంటారు, అది నిజమే కావచ్చు, కానీ దానివల్ల స్వతంత్రంగా చూసే కళ్ళు తగ్గిపోయాయి, నాకైతే ఈ వ్యవస్థలో ఇదే అన్నిటికంటే బలహీనమైన భాగం అనిపిస్తుంది.

సముద్రం మీద పట్టుకోలేనిది ఒడ్డున పట్టుకోవచ్చు అన్న సంగతి ప్రభుత్వానికీ తెలుసు. అందుకే రూల్‌లో వైట్‌కోట్, బ్లూబ్యాక్ తోళ్ళ వేటకన్నా అమ్మకం మీదే దెబ్బ కొట్టారు, అమ్మినా, మారకం చేసినా నేరం. దీని మీద ఒక కేసు కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వార్డ్ అనే న్యూఫౌండ్‌లాండ్ వేటగాడి మీద 1996లో బ్లూబ్యాక్ తోళ్ళు అమ్మాడని కేసు పెట్టారు, ఆయన అమ్మకం అనేది ప్రావిన్స్ వ్యవహారం, కేంద్రానికి అధికారం లేదు అని వాదించాడు, 2002లో సుప్రీంకోర్టు కేంద్రానికే అధికారం ఉందని తేల్చింది. ఈ కేసు నేనెందుకు చెప్తున్నానంటే, నిఘా నిజంగా పనిచేసే చోటు మంచు కాదు, రేవూ తోలు కొనే కంపెనీ గోడౌనూ. కాబట్టి మీరు ప్రశ్న అడిగేటప్పుడు మంచు మీద ఎంతమంది ఆఫీసర్లున్నారు అని మాత్రమే కాకుండా, రేవులో దిగిన తోళ్ళలో ఎన్ని చూశారు, ఎన్ని తిరగ్గొట్టారు అని కూడా అడగండి.

కోటా చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 1971లో కోటాలు మొదలుపెట్టారు, అప్పటికి హార్ప్ సీల్స్ బాగా పడిపోయున్నాయి, ఇంచుమించు 20 లక్షలో అంతకన్నా తక్కువో. తర్వాత పెరిగాయి, 2010ల్లో వేసిన అంచనాలు 70 లక్షలు దాటాయి. 2011 నుంచి కొన్నేళ్ళపాటు కోటా ఏడాదికి 4,00,000 పెట్టారు. ఈ నంబర్ చూసి నాలుగు లక్షల సీల్స్‌ని చంపుతున్నారు అని పోస్టులు పెట్టేస్తుంటారు, కానీ ఆ ఏళ్ళలో ఏ ఒక్క ఏడాదీ అసలు వేట లక్ష కూడా దాటలేదు, ఎందుకంటే తోళ్ళు కొనే మార్కెట్ లేదు. ఇంకోవైపు నుంచి చూస్తే ఇది ప్రభుత్వానికి మంచి మార్కేం కాదు, వేట తగ్గింది ప్రభుత్వం పెట్టిన కోటావల్ల కాదు, 2009లో యూరప్ సీల్ వస్తువుల అమ్మకం మీద పెట్టిన నిషేధం లాంటి వాటివల్ల. కోటా అంకె పక్కన ల్యాండింగ్స్ అంకె, అంటే నిజంగా ఒడ్డుకి తెచ్చిన సీల్స్ లెక్క, పెట్టి చూడండి, ఈ రెండూ డీఎఫ్‌ఓ పబ్లిష్ చేస్తుంది, ఒక్కటే చూస్తే ఎటువైపు వాళ్ళైనా మిమ్మల్ని తప్పుదారి పట్టించగలరు.

వేరే దేశం పెట్టిన రూలు కెనడాలో నిఘాని మార్చిన ఉదాహరణ ఇంకోటుంది. చేపల పెంపకం కేంద్రాల దగ్గరకొచ్చే సీల్స్‌ని కాల్చడానికి న్యూసెన్స్ సీల్ లైసెన్స్ అని ఇచ్చేవాళ్ళు. అమెరికా మా దగ్గరకి చేపలు పంపాలంటే మీ దగ్గర సముద్ర క్షీరదాల రక్షణ మా స్థాయిలో ఉండాలి అని రూల్ పెట్టింది, 2020లో కెనడా ఆ లైసెన్సులు ఆపేసింది. చేపలు కొనే దేశం అడిగితే సీల్ బతికింది.

వాట్సాప్‌లో వీడియో వస్తే

ప్రతి వసంతంలో ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతాయి. ఫార్వర్డ్ చేసేముందు నాలుగు విషయాలు చూడండి. కాళ్ళకింద మంచా ఇసకా? ఇసక అయితే అది కెనడా కమర్షియల్ వేట కాకపోవడానికే ఛాన్స్ ఎక్కువ, నమీబియా అయ్యుండొచ్చు, అక్కడ జులై 1 నుంచి నవంబర్ 15 దాకా కేప్ ఫర్ సీల్స్‌ని, పిల్లలతో సహా, కర్రలతో కొట్టి చంపే సీజన్ ఉంటుంది. తల పక్కన చిన్న చెవి బయటికి కనిపిస్తోందా? కనిపిస్తే అది ఫర్ సీల్, హార్ప్ సీల్‌కి చెవి బయటికి రాదు, చిన్న రంధ్రమే ఉంటుంది. బొచ్చు తెల్లగా ఉందా? ఉంటే, వీడియో కెనడా కమర్షియల్ వేటదే అయితే, అది 1987కి ముందుదైనా అయ్యుండాలి, లేకపోతే అది నేరం, రెండోదైతే ఫార్వర్డ్ కాదు, కంప్లైంట్ చేయాల్సిన విషయం. కొట్టాక చేత్తో తల తడిమి చూశాడా, కోశాక ఆగాడా? ఈ చివరిది చూడటం కష్టంగా ఉంటుంది, చూడలేకపోతే వదిలేయండి, కానీ ఎవరైనా ఇది చట్టప్రకారమే జరిగింది అని వాదిస్తే చూడాల్సింది అక్కడే. ఇంకొకటి, చచ్చిపోయిన తర్వాత కూడా సీల్ శరీరం కాసేపు ఈదుతున్నట్టు కొట్టుకుంటుంది, అది చూసి బతికుందనుకుంటారు, అది తేల్చడానికే ఆ తడిమి చూసే మెట్టు పెట్టారు.

అడవిలో ఉచ్చులు

లింక్స్ కాలర్, బీవర్ టోపీ, కొయోటీ బొచ్చు అంచున్న జాకెట్, ఇవన్నీ ఈ లైన్‌లోకొస్తాయి. 1900ల మొదట్లో బీవర్లు చాలా ప్రాంతాల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, ఎవడికి దొరికింది వాడు పట్టుకుపోవడమే. బ్రిటిష్ కొలంబియా 1926లో, ఆంటేరియో 1947లో రిజిస్టర్డ్ ట్రాప్‌లైన్ పద్ధతి తెచ్చాయి, అంటే అడవిలో ఒక ముక్క ఒక మనిషి పేరున రాసిచ్చి, నీ హద్దులో జంతువులు మిగిలితేనే వచ్చే ఏడాది నీకు ఆదాయం అన్నారు. ఇది బాగానే పనిచేసింది, బీవర్లు తిరిగొచ్చాయి. కానీ ఈ హద్దులు గీసేటప్పుడు చాలాచోట్ల అక్కడి ఆదివాసీ కుటుంబాలు తరతరాలుగా వేటాడుకునే నేలని వేరేవాళ్ళ పేరున రాశారన్న బాధ ఇప్పటికీ ఉంది, దాన్ని పక్కన పెట్టి ఇదంతా గొప్ప విజయం అని రాయడం నాకిష్టం లేదు.

ఉచ్చు ఎలాంటిదై ఉండాలో 1997లో యూరప్, కెనడా, రష్యా ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాంట్లో 19 జాతులున్నాయి, వాటిలో 12 కెనడాలో ఉండేవి. చంపే ఉచ్చు అయితే జంతువు ఎంతసేపట్లో స్పృహ కోల్పోవాలో టైం పెట్టారు. ముంగిసలా సన్నగా ఉండే అర్మిన్‌కి 45 సెకన్లు, మార్టెన్‌కి 120, మిగతా వాటికి 300 సెకన్లు, టెస్ట్‌లో కనీసం 80 శాతం జంతువుల్లో అలా జరిగితే ఉచ్చు పాసయినట్టు. 300 సెకన్లంటే ఐదు నిమిషాలు. పాసయిన ఉచ్చు అని కాయితం మీద చదివినప్పుడు ఆ ఐదు నిమిషాలు, ఆ మిగిలిన 20 శాతం, రెండూ దాంట్లోనే ఉన్నాయని తెలుసుకోండి. ఫర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెనడా ఈ టెస్టింగ్ ప్రోగ్రాం చూస్తుంది, అల్బెర్టాలో వెగ్రెవిల్ దగ్గర టెస్టులు చేశారు, సర్టిఫై అయిన ఉచ్చుల లిస్ట్ ఎవరైనా చూడొచ్చు.

ప్రావిన్స్ రూల్స్‌లో మీరు ముందుగా వెతకాల్సింది, ఉచ్చుని ఎన్ని గంటలకోసారి వెళ్ళి చూడాలి అనేది. బ్రిటిష్ కొలంబియాలో బతికుండగా పట్టే ఉచ్చుని 72 గంటల్లోగా చూస్తే చాలు, చంపే ఉచ్చయితే 14 రోజులు. మూడు రోజులు గడ్డకట్టే చలిలో కాలు ఇరుక్కుని ఒక జంతువు ఉండొచ్చని చట్టమే ఒప్పుకుంటోంది. ఉచ్చు డిజైన్ మీద అంత సైన్స్ ఖర్చుపెట్టి, ఈ ఒక్క నంబర్ దగ్గర వదిలేయడం నాకు మింగుడుపడదు. మీ ప్రావిన్స్‌లో ఎంతో వెతికి చూడండి, ఎమ్మెల్యే లాంటి మీ లోకల్ ప్రతినిధికి రాయాల్సొస్తే మిగతా అన్నిటికన్నా ఇది అడగండి, ఎందుకంటే ఇది మార్చడానికి అంతర్జాతీయ ఒప్పందాలేం అక్కర్లేదు.

ట్రెయిల్ మీద నడుస్తుంటే ఉచ్చు కనిపిస్తే ముట్టుకోకండి, లైసెన్స్ ఉన్న ఉచ్చుని కదిలించడం నేరమవుతుంది. ఫోటో తీసి, లొకేషన్ సేవ్ చేసుకుని, ప్రావిన్స్ కన్సర్వేషన్ ఆఫీసర్లకి చెప్పండి, చట్టప్రకారం పెట్టిందో కాదో వాళ్ళు తేలుస్తారు. కుక్కని తీసుకెళ్ళేవాళ్ళు ట్రాపింగ్ సీజన్‌లో లీష్ తీయకండి.

షాపులో ఏం అడగాలి

సీల్ వస్తువైతే, ఏ జాతి, ఎక్కడిది, ఎవరు కుట్టారు అని అడగండి. నునావుట్‌లో రింగ్డ్ సీల్ ఎక్కువ, దాన్ని తిండికోసమే వేటాడతారు, తోలుని నునావుట్ ప్రభుత్వం వేటగాళ్ళ దగ్గర కొని ఆంటేరియోలో నార్త్ బే వేలానికి పంపే ప్రోగ్రాం ఉంది. నునావుట్ రాజధాని ఇకాలూయిట్‌లో ఒక ఇన్యూట్ అమ్మ కుట్టిన జత గ్లౌజులకీ, ఫ్యాక్టరీలో హార్ప్ బీటర్ తోలుతో చేసిన కీచెయిన్‌కీ వెనకాల ఉన్న కథ ఒకటి కాదు, నిఘా కూడా ఒకటి కాదు. షాపతను చెప్పలేకపోతే కొనకండి, చెప్పగలిగేవాళ్ళు వేరే ఉంటారు.

ఫర్ వస్తువైతే లేబుల్ చూడండి. అమెరికాలో 1951 నుంచి ఫర్ లేబులింగ్ చట్టం ఉంది, జంతువు పేరు, ఏ దేశందో రాయాలి, చవక వస్తువులకి అంతకుముందున్న మినహాయింపు కూడా 2010లో వచ్చిన చట్టంతో తీసేశారు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకి, 2023 జనవరి 1 నుంచి అక్కడ కొత్త ఫర్ అమ్మకమే నిషేధం, సెకండ్‌హ్యాండ్‌కి వర్తించదు. మన స్టూడెంట్లు సెకండ్‌హ్యాండ్‌లో వెతికే కెనడా గూస్ జాకెట్లలో పాతవాటికి అసలైన కొయోటీ బొచ్చు ఉంటుంది, కంపెనీ ఫర్ కొనడం 2021 ఆఖరుకి ఆపేస్తామని ప్రకటించింది.

బోర్డర్ దగ్గర

దీంట్లోనే మనవాళ్ళు ఎక్కువ ఇరుక్కుంటారు. అమెరికాలో 1972 నుంచి మెరైన్ మామల్ ప్రొటెక్షన్ యాక్ట్ ఉంది, సీల్ తోలు వస్తువు కెనడాలో పూర్తి చట్టబద్ధంగా కొన్నా, బిల్లు ఉన్నా, అది అమెరికాలోకి తేకూడదు. టొరంటో నుంచి కార్లో బఫలో మీదుగా న్యూజెర్సీలో అన్నయ్యగారింటికి సంక్రాంతికి వెళ్తూ కాళ్ళకి సీల్ తోలు బూట్లు వేసుకుంటే, బ్రిడ్జి దగ్గర తీసేసుకోవచ్చు, ఫైన్ వేయొచ్చు. విమానంలో అయితే ఇంకో మెలిక, టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్ట్‌లోనే అమెరికా కస్టమ్స్ ఆఫీసర్లు కూర్చుని ఉంటారు, అమెరికా మీదుగా హైదరాబాద్‌కి టికెట్ తీసుకుంటే ఆ చెక్ అక్కడే అయిపోతుంది. అలాస్కా ఆదివాసీలు చేసిన చేతిపనులకి అమెరికా లోపల అమ్ముకునే మినహాయింపు ఉంది, కానీ అవి దేశం బయటికి తేవాలంటే మళ్ళీ పర్మిట్ల గోల.

యూరప్‌లో ట్రావెలర్ సొంత వాడకానికి తెచ్చుకునే వస్తువుకి మినహాయింపు ఉంది, అమ్మకానికి మాత్రం ఇన్యూట్ వేట అని సర్టిఫికెట్ ఉండాలి. 2014లో ప్రపంచ వాణిజ్య సంస్థ, అంటే డబ్ల్యూటీఓ, అప్పీల్ బాడీ, జంతువుల పట్ల ప్రజల నైతిక భావన కోసం నిషేధం పెట్టుకోవచ్చు అని చెబుతూనే మినహాయింపులు అమలుచేసిన తీరుని తప్పుబట్టింది, దాంతో 2015లో యూరప్ రూల్స్ మార్చింది.

ఇండియాకి తెచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. 2017 జనవరిలో మన వాణిజ్య శాఖ మింక్, నక్క, చించిల్లా బొచ్చుతోళ్ళ దిగుమతిని నిషేధించింది, లింక్స్, నీటికుక్క, తోడేలు లాంటివి సైటీస్ లిస్టులో ఉన్నాయి, పర్మిట్ లేకుండా కస్టమ్స్‌లో దొరికితే వస్తువు పోతుంది, కేసు కూడా పడొచ్చు. గిఫ్ట్ ఇవ్వాలంటే మేపుల్ సిరప్ ఇవ్వండి. నీటికుక్క మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మన కాకినాడ పక్కన కోరంగి మడఅడవుల్లో నీటికుక్కలున్నాయి, వాటి జాతిని 2019లో సైటీస్ మొదటి అనుబంధంలోకి, అంటే వ్యాపారం మీద అన్నిటికన్నా గట్టి కట్టడి ఉన్న లిస్టులోకి, మార్చారు, కారణాల్లో బొచ్చు కోసం వేట కూడా ఒకటి. కెనడా సీల్ గురించి బాధపడేవాళ్ళు అక్కడి మడఅడవి గురించి కూడా ఒకసారి అటవీశాఖని అడగండి.

సర్కారుని ఎలా అడగాలి

మన ఆర్‌టీఐ లాంటిదే కెనడాలో యాక్సెస్ టు ఇన్ఫర్మేషన్, ఫీజు 5 డాలర్లు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, గడువు పొడిగించుకునే అధికారం వాళ్ళకుంది. సిటిజన్ అయ్యుండక్కర్లేదు, పీఆర్ అయినా సరే, స్టూడెంట్ వీసా మీద కెనడాలో ఉన్నా సరే వేయొచ్చు, ఆన్‌లైన్లోనే. సీల్ వేట వివరాలన్నీ ఇవ్వండి అని రాస్తే వందల పేజీలు గానీ, స్పష్టంగా అడగండి అన్న ఉత్తరం గానీ వస్తుంది. ఇలా అడగండి: గత ఐదు సీజన్లలో న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్ రీజియన్‌లో సీల్ వేట మీద పెట్టిన పెట్రోలింగ్ గంటలు, ఎక్కి తనిఖీ చేసిన పడవల సంఖ్య, రేవులో చేసిన తనిఖీల సంఖ్య, ఇచ్చిన హెచ్చరికలు, పెట్టిన కేసులు, పడిన శిక్షలు, ఏడాదివారీగా పట్టిక. అది వచ్చాక అదే ఏడాది ల్యాండింగ్స్ పక్కన పెట్టి చూడండి. వేల సీల్స్ దిగిన ఏడాదిలో ఎన్ని పడవలు ఎక్కారో కనిపిస్తుంది, ఆ పట్టిక పట్టుకుని మీ ఏరియా ఎంపీకి రాస్తే జవాబు మొక్కుబడిగా రాదు, ఎందుకంటే మీరడిగేది వాళ్ళ అంకెల గురించే.

రూల్స్ మార్చేముందు కేంద్రం సాధారణంగా డ్రాఫ్ట్‌ని కెనడా గెజెట్ మొదటి భాగంలో వేసి అభిప్రాయాలడుగుతుంది, అది మన కళ్ళబడకుండానే గడువు అయిపోతుంటుంది, మెరైన్ మామల్ రెగ్యులేషన్స్ పేరు మీద అలర్ట్ పెట్టుకోండి. పార్లమెంట్ ఈ-పిటిషన్ అయితే మొదట ఐదుగురి మద్దతు, తర్వాత ఒక ఎంపీ ఒప్పుకోవాలి, 500 సంతకాలు దాటితే సభలో పెడతారు, ప్రభుత్వం 45 రోజుల్లో జవాబివ్వాలి. దీనికి మాత్రం సిటిజన్ గానీ కెనడాలో నివాసం ఉన్నవాళ్ళు గానీ సంతకం పెట్టాలి, ఇండియాలో ఉన్న బంధువుల చేత పెట్టించకండి, అవి లెక్కలోకి రావు.

కళ్ళతో చూసిన నేరం, అంటే తెల్లపిల్ల తోలు అమ్మడం, ఒడ్డునున్న సీల్‌ని వేధించడం, టాగ్ లేని లింక్స్ తోలు ఆన్‌లైన్లో అమ్మడం లాంటివైతే పేరు చెప్పకుండా క్రైమ్ స్టాపర్స్ 1-800-222-8477కి ఫోన్ చేయొచ్చు, సముద్రం సంగతైతే డీఎఫ్‌ఓ ప్రాంతీయ ఆఫీసుకి, అడవి సంగతైతే ప్రావిన్స్ కన్సర్వేషన్ ఆఫీసర్లకి. చెప్పేటప్పుడు తేదీ, టైం, చోటు, పడవ నంబరో బండి నంబరో, ఫోటో ఉంటే ఎడిట్ చేయని ఒరిజినల్, ఇవి రెడీగా పెట్టుకోండి. ఆ ఫోటో కేసు తేలేదాకా ఎక్కడా పోస్ట్ చేయకండి, పోస్ట్ చేస్తే అవతలివాళ్ళకి జాగ్రత్తపడే టైం మీరే ఇచ్చినట్టవుతుంది.